కాలిన గాయానికి లెక్క అడగడం తప్పా?

అమెరికాలో కోర్టు కేసుల మాట వస్తే చాలు, మన పార్టీల్లో ఎవరో ఒకరు ఆ కాఫీ కథ ఎత్తుతారు. "ఎవరో ముసలావిడ కారు నడుపుతూ కాఫీ ఒంటిమీద ఒలకబోసుకుందట, మెక్‌డొనాల్డ్స్ మీద కేసు వేసి మిలియన్లు కొట్టేసిందట!" అని చెప్పడం, అందరూ నవ్వడం మామూలే. నేనూ చాలాసార్లు విన్నాను. ఆ నవ్వు వెనక ఒక అభిప్రాయం ఉంటుంది. కాలినందుకు డబ్బు అడిగేవాళ్ళు ఆశపోతులని, మర్యాదస్తులు కోర్టు జోలికి పోరని. రేపు మన ఇంట్లోనే ఎవరికైనా కాలినప్పుడు మన నోరు నొక్కేసేది ఆ అభిప్రాయమే. అందుకే ముందు ఆ కథ అసలు ఎలా జరిగిందో చెప్పి, తర్వాత మనకి పనికొచ్చే సంగతుల్లోకి వస్తాను.

కాఫీ కేసులో నిజంగా జరిగింది

1992 ఫిబ్రవరి 27. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీ. స్టెల్లా లీబెక్ అనే 79 ఏళ్ళావిడ మనవడి కారులో పక్క సీట్లో కూర్చుని ఉన్నారు. కారు నడుపుతున్నది ఆవిడ కాదు. పైగా కారు ఆపి ఉంది. పాలు, పంచదార కలుపుకోవడానికి 49 సెంట్ల కాఫీ కప్పు మోకాళ్ళ మధ్య పెట్టుకుని మూత లాగితే మొత్తం ఒళ్ళో ఒలికిపోయింది. వేసుకున్న నూలు ప్యాంటు ఆ వేడిని పీల్చుకుని చర్మానికి అంటుకుపోయింది. ఒంటిమీద ఆరు శాతం చర్మం మూడో డిగ్రీలో కాలింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చర్మం అతికించే ఆపరేషన్లు జరిగాయి.

ఆవిడ మొదట అడిగింది మిలియన్లు కాదు, 20,000 డాలర్లు. ఆసుపత్రి ఖర్చులు, ఇంకా కాబోయే ఖర్చులు, దగ్గరుండి చూసుకున్న కూతురు పోగొట్టుకున్న జీతం కలిపిన లెక్క అది. కంపెనీ ఇస్తానన్నది 800 డాలర్లు. అప్పుడు గానీ కేసు కోర్టుకి వెళ్ళలేదు.

అక్కడ తేలిన సంగతులు జ్యూరీని కదిలించాయి. కంపెనీ కాఫీని 180 నుంచి 190 డిగ్రీల ఫారన్‌హీట్ వేడితో ఇమ్మని నియమం పెట్టుకుంది. 1982 నుంచి 1992 దాకా పదేళ్ళలో ఆ కాఫీ వల్ల కాలిందని 700కు పైగా ఫిర్యాదులు వాళ్ళ దగ్గరకు వచ్చాయి. అయినా వేడి తగ్గించలేదు. 1994 ఆగస్టులో జ్యూరీ నష్టపరిహారం 2,00,000 డాలర్లని తేల్చి, ఒలకబోసుకోవడంలో ఆవిడ వంతు 20 శాతమంటూ దాన్ని 1,60,000కు తగ్గించింది. శిక్షగా మరో 27 లక్షల డాలర్లు వేసింది. కంపెనీకి కాఫీ మీద రెండు రోజుల్లో వచ్చే అమ్మకం సొమ్ము అది. జడ్జి ఆ శిక్షను 4,80,000కు కుదించారు. చివరికి రెండు పక్షాలూ బయటికి చెప్పని మొత్తానికి రాజీ పడ్డాయి. పేపర్లలో మిగిలింది మాత్రం పెద్ద అంకె ఒక్కటే. 2011లో వచ్చిన 'హాట్ కాఫీ' డాక్యుమెంటరీ ఈ సంగతులన్నీ వివరంగా చూపించింది.

వేడి ఎంత? ఎంతసేపు?

నేను చదివింది బీఎస్సీ. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఉష్ణోగ్రత. చర్మం కాలడానికి రెండు సంగతులు కలవాలి. వేడి ఎంత, అది ఎంతసేపు తగిలింది. 1947లో హార్వర్డ్‌లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కొలిచారు. 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర చర్మం పాడవడానికి సుమారు ఆరు గంటలు పడితే, 60 డిగ్రీల దగ్గర అయిదు సెకన్లు చాలు.

మన ఇళ్ళలో కుళాయి నీళ్ళకీ ఇదే లెక్క. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెప్పేదాని ప్రకారం 150 డిగ్రీల ఫారన్‌హీట్ నీళ్ళు రెండు సెకన్లు తగిలితే పెద్దవాళ్ళకి కూడా మూడో డిగ్రీ కాలిన గాయం అవుతుంది. 140 అయితే ఆరు సెకన్లు, 130 అయితే ముప్ఫై సెకన్లు, 120 దగ్గరయితే అయిదు నిమిషాలు. అందుకే వాటర్ హీటర్‌ని 120 దగ్గర పెట్టుకోమంటారు. పిల్లలకీ ముసలివాళ్ళకీ చర్మం పలచన కాబట్టి ఇంకా తొందరగా కాలుతుంది.

కోర్టులో ఈ అంకెలే మాట్లాడతాయి. "చాలా వేడిగా ఉన్నాయండీ" అనే మాటకీ, "థర్మామీటర్‌తో కొలిస్తే 146 ఉంది, ఇదిగో ఫోటో" అనే మాటకీ ఎంత తేడా ఉందో మాకు స్వయంగా తెలిసింది.

మా అత్తయ్యగారి పాదం

రెండేళ్ళ కిందట చలికాలంలో మా అత్తయ్యగారు కాకినాడ నుంచి డాలస్‌లో ఉన్న మా అపార్ట్‌మెంటుకి వచ్చారు. ఆవిడకి పదిహేనేళ్ళుగా షుగరు. ఒకరోజు పొద్దున్న టబ్ అంచున కూర్చుని కుళాయి కింద పాదాలు కడుక్కుంటున్నారు. గోరువెచ్చగా మొదలైన నీళ్ళు ఉన్నట్టుండి మండే వేడికి వచ్చాయి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గడంతో ఆవిడకి ఆలస్యంగా తెలిసింది. కుడిపాదం పైభాగమంతా బొబ్బలెక్కింది. డాక్టర్లు లోతైన రెండో డిగ్రీ గాయం అన్నారు.

కాంప్లెక్స్ వాళ్ళ హీటర్ మా చేతిలో ఉండదు. నీళ్ళు మరీ వేడిగా వస్తున్నాయని మా వారు మూడు వారాల ముందే మెయింటెనెన్సుకి రాసి పెట్టారు. ఎవరూ వచ్చి చూడలేదు. ఆ రోజు సాయంత్రం వంటింట్లో ఉన్న థర్మామీటర్‌తో కుళాయి నీళ్ళు కొలిచి, తేదీ కనిపించేలా ఫోటో తీశాం.

బిల్లులు వచ్చాక ఇంట్లో చర్చ మొదలైంది. విజిటర్స్ ఇన్సూరెన్స్ చికిత్సకి ఇంత అని ముందే గీత గీసిన రకం. బిల్లులు 14,000 డాలర్లు దాటితే వాళ్ళు కట్టింది 3,000 లోపే. "హెచ్ వన్ మీద ఉన్నవాళ్ళం, మనకెందుకీ కేసులు? లీజు రెన్యూ చెయ్యకపోతే?" అన్నారు మా వారు. అత్తయ్యగారైతే, "నా కాలుకి వెల కట్టి అమ్ముకుంటామా అమ్మాయ్?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. నాలుగు రోజుల తర్వాత డ్రెస్సింగ్ మార్చుతూ అన్నాను, "అత్తయ్యా, మనం అమ్మడం లేదు. వాళ్ళు చేసిన ఖర్చు వాళ్ళని కట్టమంటున్నాం. ఈ కాంప్లెక్స్‌లో చిన్నపిల్లలున్న ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసుగా." ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే అడగండి" అన్నారు.

వీసా భయానికి జవాబు లాయరు దగ్గర దొరికింది. నష్టపరిహారం అడగడం సివిల్ వ్యవహారం. అది నేరమూ కాదు, వీసా నియమాల ఉల్లంఘనా కాదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు కూడా అడగవచ్చు. ఆరు నెలల గడువు తీరాక అత్తయ్యగారు కాకినాడ వెళ్ళిపోయినా వ్యవహారం ఆగలేదు. అక్కడి డాక్టరు చీటీలు, మందుల బిల్లులు, నెలకోసారి వాట్సాప్‌లో పంపిన పాదం ఫోటోలు అన్నీ లెక్కలోకి వచ్చాయి.

అవతలి ఇన్సూరెన్స్ వాళ్ళు రెండు వాదనలు తెచ్చారు. ఒకటి, ఆవిడకి షుగరు ఉండబట్టే గాయం అంత ముదిరిందని. రెండోది, చేత్తో చూసుకోకుండా పాదం పెట్టడం ఆవిడ తప్పని. మొదటిదానికి చట్టంలోనే జవాబుంది. గాయపరిచినవాడు ఆ మనిషి ఎలా ఉంటే అలాగే లెక్క చూసుకోవాలి, ఆరోగ్యవంతుడికైతే ఇంత కాలేది కాదనడం కుదరదు. రెండోదానికి మేము రాసిన మెయింటెనెన్సు ఫిర్యాదు, థర్మామీటర్ ఫోటో జవాబు చెప్పాయి. కేసు వెయ్యకముందే రాజీ కుదిరింది. ఎంతకో చెప్పకూడదని సంతకం పెట్టాం. బిల్లులు, లాయరు వాటా పోను మిగిలింది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ నెల తిరక్కుండా కాంప్లెక్స్ అంతటా హీటర్లు తనిఖీ చేసి వేడి తగ్గించారు.

బాధ్యత ఎవరిది?

కాలిన ప్రతిసారీ ఎవరో ఒకరు డబ్బు కట్టాలని కాదు. మన వంటింట్లో మన పోపు నూనె మన చేతిమీద చిందితే అది మన సంగతే. అవతలివాళ్ళ బాధ్యత అనాలంటే నాలుగు సంగతులు చూపించాలి. జాగ్రత్త పడాల్సిన బాధ్యత వాళ్ళకుంది, వాళ్ళు పడలేదు, గాయం అందువల్లే అయింది, దానివల్ల ఫలానా నష్టం జరిగింది.

వస్తువే లోపంతో తయారైతే దారి కొంచెం వేరు. చాలా రాష్ట్రాల్లో తయారీదారు అజాగ్రత్తను విడిగా నిరూపించనక్కర్లేదు, వస్తువులో లోపం చూపిస్తే చాలు. మనకి బాగా దగ్గరి ఉదాహరణ ప్రెషర్ కుక్కర్లు. లోపల ఆవిరి ఉండగానే మూత ఊడి వస్తోందని 2023 ఆగస్టులో సెన్సియో కంపెనీ దాదాపు 8,60,000 కుక్కర్లను వెనక్కి పిలిచింది. అప్పటికి 61 మంది కాలిన గాయాల పాలయ్యారు. ఇలాంటి ప్రమాదం జరిగితే కుక్కర్ని పారెయ్యకండి, కడగకండి, కొత్తది పంపిస్తామంటే పాతది తిరిగి ఇవ్వకండి. మూత, గాస్కెట్, డబ్బా, రసీదు అన్నీ దాచండి. మీ కేసులో మొదటి సాక్షి ఆ కుక్కరే.

పనిచేసే చోట కాలితే సాధారణంగా వర్కర్స్ కాంపెన్సేషన్ కిందకు వస్తుంది. అక్కడ తప్పెవరిదన్న ప్రశ్న ఉండదు, యజమాని మీద కేసు వేసే హక్కూ ఉండదు. టెక్సస్‌లో ప్రైవేటు యజమానులు ఆ పథకంలో చేరకుండా ఉండవచ్చు. రెస్టారెంట్లలో పనిచేసే మనవాళ్ళు తమ యజమాని అందులో ఉన్నాడో లేడో ముందే కనుక్కోవడం మంచిది.

మన తప్పు కొంత ఉంటే? లీబెక్ గారికి 20 శాతం కోసినట్టే కోస్తారు. న్యూ మెక్సికో, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో మన తప్పు ఎక్కువైనా మిగతా వాటా వస్తుంది. టెక్సస్, న్యూజెర్సీలలో మన తప్పు సగం దాటితే ఏమీ రాదు. అందుకే ఫోన్లో అడిగినవాళ్ళకల్లా మొహమాటానికి "అబ్బే, నాదే పొరపాటండీ" అనకండి. మనకది మర్యాద, వాళ్ళకది రికార్డు.

మొదటి వారంలో

కాలిన వెంటనే ఐసు కాదు, చల్లటి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టాలి. టూత్‌పేస్టు, పసుపు, కాఫీ పొడి, వెన్న ఏవీ రాయకూడదు. వాటివల్ల గాయానికి చెరుపు, డాక్టరుకి లోతు కనపడదు కూడా. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసెయ్యాలి.

తర్వాత డాక్టరుకి ఎలా జరిగిందో పూర్తిగా చెప్పాలి. "వేడినీళ్ళు" అని వదిలెయ్యకుండా ఎక్కడి నీళ్ళు, ఎంతసేపు, ఏ కుళాయి అన్నది రికార్డులో పడాలి. ఫోటోలు మొదటిరోజు నుంచే, పక్కన ఒక నాణెమో స్కేలో పెట్టి, ఒకే వెలుతురులో తియ్యాలి. అప్పుడు వేసుకున్న బట్టలు ఉతక్కుండా సంచిలో దాచాలి. రెస్టారెంటులో జరిగితే మేనేజరు చేత రిపోర్టు రాయించాలి. కెమెరా రికార్డింగులు కొద్దిరోజుల్లోనే చెరిగిపోవచ్చు కాబట్టి దాచి ఉంచమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి.

తొందరపడి సంతకం వద్దు

అవతలి ఇన్సూరెన్సు అడ్జస్టర్ చాలా మంచిగా మాట్లాడతాడు. మొదటి వారంలోనే ఒక చెక్కు పంపిస్తానంటాడు. దానితోపాటు రిలీజ్ అనే కాగితం వస్తుంది. దానిమీద సంతకం పెడితే రేపు ఎంత ఖర్చొచ్చినా మళ్ళీ అడగడానికి లేదు.

కాలిన గాయం విషయంలో ఇది మరీ ప్రమాదం. లోతు ఎంతన్నది మొదటి రెండు మూడు రోజుల్లో మారుతూ ఉంటుంది. మచ్చ స్థిరపడటానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. మన చామనఛాయ చర్మానికి రంగు తేడాలు బాగా కనిపిస్తాయి. పిల్లలు పెరుగుతారు, మచ్చ మాత్రం వాళ్ళతో పాటు సాగదు. కీళ్ళ దగ్గర పట్టేస్తే తర్వాత ఆపరేషను అవసరం కావచ్చు. 2019లో ఫ్లోరిడాలో నాలుగేళ్ళ పాప తొడమీద వేడి చికెన్ నగెట్ పడి సీటు బెల్టు మధ్య ఇరుక్కుపోయింది. 2023లో జ్యూరీ ఇప్పించిన 8,00,000 డాలర్లలో సగం జరిగిపోయినదానికి, సగం ఆ పాప ముందు ముందు పడబోయేదానికి. ఆ రెండో సగం వారం రోజుల్లో ఎవరూ లెక్కకట్టలేరు.

ఇంటి పనికీ వెల ఉంది

నాలాంటి గృహిణులకి ఇది ముఖ్యం. "మీకు జీతం లేదు కదా, ఇక పోయిన ఆదాయం ఏముంది?" అని అడ్జస్టర్ అడగవచ్చు. అమెరికా చట్టంలో ఇంటి సేవల నష్టం అని ఒక పద్దు ఉంది. కాలిన చేత్తో మీరు చెయ్యలేకపోయిన వంట, పిల్లల పనులు, పెద్దవాళ్ళ సేవ ఇంకొకరి చేత చేయిస్తే ఎంతవుతుందో అదే దాని వెల. ఏ రోజు ఏ పని చెయ్యలేకపోయారో, ఎవరొచ్చి చేశారో ఒక డైరీలో రాసి పెట్టుకోండి.

ఈ లెక్క మన దేశంలోనూ ఒక అగ్నిప్రమాదం కేసులోనే గట్టిగా ముందుకొచ్చింది. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ వ్యవస్థాపక దినోత్సవంలో మంటలు లేచి 60 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు, పిల్లలు. 2001లో లతా వాధ్వా కేసు తీర్పులో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువను నెలకి 3,000 రూపాయలుగా లెక్కగట్టింది. అంతకుముందు వేసిన లెక్క నెలకి వెయ్యే. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ ఇంకో అడుగు ముందుకు వేశారు. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పెడితే మగవాళ్ళు 97 నిమిషాలే పెడుతున్నారన్న ప్రభుత్వ సర్వేని ఉటంకిస్తూ, గృహిణి పనికి విలువ కట్టడం ఆ పనిని గుర్తించడమేనన్నారు.

స్నేహితుల ఇంట్లో జరిగితే

మనకి అన్నిటికన్నా ఇబ్బందైనది ఇదే. గృహప్రవేశంలో బఫే కింద పెట్టిన మంట అంటుకుందనుకోండి, దీపావళికి కాకరపువ్వొత్తి పిల్లవాడి కాలిమీద పడిందనుకోండి. కాకరపువ్వొత్తి దాదాపు 2,000 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వేడెక్కుతుంది. పిలిచి భోజనం పెట్టినవాళ్ళని డబ్బులడుగుతామా అనిపిస్తుంది. కానీ కట్టేది సాధారణంగా వాళ్ళు కాదు, వాళ్ళ హోమ్ ఇన్సూరెన్సు. చాలా పాలసీల్లో అతిథుల వైద్య ఖర్చుల కోసం తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా 1,000 నుంచి 5,000 డాలర్ల దాకా ఇచ్చే భాగం ఒకటి ఉంటుంది. మన ఇంట్లో అతిథికి కాలితే మనమే ముందుగా "మా ఇన్సూరెన్సు ఉందండీ, అడుగుదాం" అంటే స్నేహమూ నిలుస్తుంది, బిల్లూ తీరుతుంది.

గడువు, లాయరు వాటా, పన్ను

కేసు వెయ్యడానికి టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో గడువు రెండేళ్ళు, న్యూయార్క్‌లో మూడేళ్ళు. ప్రభుత్వ బడి, సిటీ బస్సు లాంటి చోట జరిగితే ముందు నోటీసు ఇవ్వాలి. న్యూయార్క్, న్యూజెర్సీలలో దానికి 90 రోజులే, కాలిఫోర్నియాలో ఆరు నెలలు.

ఇలాంటి కేసుల్లో లాయర్లు సాధారణంగా ముందు ఫీజు అడగరు. వచ్చినదాంట్లో మూడో వంతు, కోర్టుకి వెళితే నలభై శాతం దాకా తీసుకుంటారు. కోర్టు ఖర్చులు అందులో కలిసే ఉంటాయా, వేరేనా అని సంతకానికి ముందే అడగండి. మీ చికిత్సకి డబ్బు కట్టిన హెల్త్ ఇన్సూరెన్సు కంపెనీ రాజీ సొమ్ములోంచి తన ఖర్చు వెనక్కి అడగవచ్చు. దాన్ని తగ్గించేలా మాట్లాడటం కూడా లాయరు పనే. ఒంటికి తగిలిన గాయానికి వచ్చిన పరిహారం మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. శిక్షగా వేసిన సొమ్ముకి మాత్రం ఉంది.

ఊళ్ళో అమ్మానాన్నలకి ఒక మాట

ఇండియాలో వంట గ్యాస్ సిలిండర్ పేలి ప్రమాదం జరిగితే ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు తీసుకున్న బీమా వర్తిస్తుందని చాలామందికి తెలియదు. ప్రీమియం మనం కట్టక్కర్లేదు. ప్రాణం పోతే మనిషికి ఆరు లక్షల రూపాయలు, వైద్యానికి మనిషికి రెండు లక్షల దాకా, కనెక్షన్ నమోదైన ఇంట్లో ఆస్తి నష్టానికి రెండు లక్షల దాకా వస్తుంది. ప్రమాదం జరగగానే డిస్ట్రిబ్యూటరుకి రాతపూర్వకంగా చెప్పాలి. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది, ఏ చిరునామాతో ఉంది అన్నది చూస్తారు. అమ్మానాన్నలు ఇల్లు మారినా గ్యాస్ పుస్తకం పాత చిరునామాతోనే ఉండిపోయిన ఇళ్ళు మనలో చాలా ఉంటాయి. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ ఒక్క సంగతి కనుక్కోండి. అలాగే ఈ రాత్రే మీ ఇంట్లో వేడినీళ్ళ కుళాయి రెండు నిమిషాలు వదిలి, థర్మామీటర్ పెట్టి చూడండి. 120 దాటితే, హీటర్ మీదైతే తగ్గించండి. కాంప్లెక్స్ వాళ్ళదైతే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా రాసి పంపండి, దాని కాపీ ఒకటి దాచుకోండి.